పెద్దబండి ఎక్కలేని గుట్ట

యాదగిరన్న పోయిన పదకొండో రోజున బల్కంపేటలో వాళ్లింటికి వెళ్లాను. ఎల్లమ్మ గుడికి రెండు సందుల అవతల, కింద ఒక గది, మీద ఒక గది ఉన్న ఇల్లు. భోజనాలయ్యాయి. చుట్టాలు వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. యాదగిరన్న పెద్దకొడుకు రమేశ్ నా పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చుని అడిగాడు. "అక్కా, నాయిన కాళ్లు ఎట్ల కాలినయో మాకెన్నడు సక్కగ చెప్పలే. అడిగితె, డ్యూటీల కాలినయ్‌రా అనేటోడు, గంతే. నువ్వు అప్పుడు క్వార్టర్లల్లనే ఉన్నవంట గద. నీకు ఎరికుంటది." నాకు ఎరుకే. కానీ ఎరుకైనదంతా అక్కడ చెప్పలేకపోయాను. మంట గురించి చెప్పాను, గుట్ట గురించి చెప్పాను, మా నాయిన అతన్ని భుజాన వేసుకుని కిందికి దించిన సంగతి చెప్పాను. అది విని చుట్టాలందరూ మా నాయినను మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటుంటే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. చెప్పాల్సినదాంట్లో సగం మింగేసి లేచి వచ్చేశాను. ఆ సగం కోసమే ఇది రాస్తున్నాను. రమేశ్ చదువుకుంటాడు.

మా నాయిన లింగయ్య అగ్నిమాపక స్టేషన్లో డ్రైవర్. ఆ స్టేషన్ ఏదో రాయను. అమీర్‌పేటకూ పంజాగుట్టకూ గంట కొట్టుకుంటూ నిమిషాల్లో చేరేంత దూరంలో ఉండేదని చెబితే చాలు. ఎర్రమంజిల్ వైపు సర్కారు క్వార్టర్లలో మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. ఆ ఇంటిని ఇప్పుడు తలుచుకుంటే ముందు వాసనలే గుర్తొస్తాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలు, బూట్ల పాలిష్, డీజిల్, ఎండలో ఆరేసిన కాన్వాసు గొట్టాల తడి వాసన, వీటన్నిటి మధ్యలో అమ్మ పొయ్యి మీద కాలే జొన్నరొట్టె. మా అమ్మ సత్తెమ్మది ఒకటే నియమం. నాయిన మంట దగ్గరి నుంచి వచ్చినప్పుడు, స్నానం చేసి, చల్ల తాగి, గోడకానుకుని కూర్చునేదాకా ఎవరూ ఒక్క మాట అడగకూడదు. ఆ నియమం మా నానమ్మ ముత్తవ్వకు మాత్రం వర్తించేది కాదు. ఆమె ఊళ్లో పొలం పనులు చేసి చేసి, నడుం వంగాక కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. కళ్లు సరిగా కనిపించేవి కావు. నాయిన విప్పి పడేసిన చొక్కాను చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ రోజు ఏం కాలిందో చెప్పేది. "ఇయ్యాల పత్తి కాలింది." "ఇది రబ్బరు వాసన." "ఎవలిదో బియ్యం దుకాణం కాలినట్టుంది, అయ్యో." ఒక్కసారి కూడా తప్పేది కాదు. నాయిన గోడకానుకుని నవ్వేవాడు.

నాయినకు ఇద్దరు పిల్లలం, నేను, నా తమ్ముడు. మూడో బిడ్డ పెద్దబండి అని అమ్మ ఎత్తిపొడిచేది. స్టేషన్లో ఉన్న రెండు బండ్లలో పాతది అది. పెద్ద లారీ మీద నీళ్ల ట్యాంకు బిగించి కట్టిన బండి. నాయిన ఉద్యోగంలో చేరేటప్పటికే అది వేరే ఊళ్లో కొన్నేళ్లు నడిచి వచ్చిందట. సెలవు రోజున కూడా ఆయన తెల్లవారుతూనే స్టేషన్‌కు పోయి దాన్ని స్టార్ట్ చేసి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, డాక్టరు నాడి చూసినట్టు నిలబడేవాడు. ఇంజిన్ వణుకును బట్టి లోపల ఏం జరుగుతున్నదో ఆయనకు తెలిసేది. సామాను దొరక్కపోతే వేరే బండిది తెచ్చి, అరగదీసి, అమర్చేవాడు. రేడియేటర్ కారితే సబ్బు ముక్క అద్ది, గుడ్డ చుట్టి, ఆ పూట గట్టెక్కించేవాడు. "లింగయ్య చేతిల పడ్డంక ఇనుము సుత మాట వింటది" అని స్టేషన్లో అందరూ అనేవాళ్లు. ఆ మాట అన్నప్పుడల్లా నాయిన తల దించుకునేవాడు గానీ, మీసం కింద నవ్వు దాగేది కాదు.

ఏటా ఒకసారి పెద్దాఫీసు నుంచి అధికారి వచ్చి బండ్లను చూసి, దేన్ని ఉంచాలో దేన్ని తీసేయాలో రాసుకునేవాడు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు వచ్చిన అధికారి పెద్దబండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "లింగయ్యా, దీన్ని మార్పు జాబితాలో పెట్టమంటావా?" అని అడిగాడట. నాయిన ఏమన్నాడో ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయనే మాకు చెప్పాడు, నాటకంలో డైలాగు చెప్పినట్టు చెయ్యి ఊపి. "నా చేతిల ఉన్నంత కాలం దీనికి ఢోకా లేదు సార్ అన్న. సార్ ఖుష్ అయిండు. భుజం తట్టిండు." అమ్మ మెచ్చుకోలుగా చూసింది. నేనూ గర్వపడ్డాను. ఆ గర్వం ఇప్పటికీ నన్ను ముల్లులా గుచ్చుతుంది.

పరీక్షలైపోయాక నన్ను అమీర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. మైత్రీవనం వైపు వెళ్లే దారిలో, ఒక మందుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. ఎనిమిది మెషీన్లు, ఒక గోడ గడియారం, శేషగిరిరావు గారు. ఆయనది కోస్తా వైపు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. ఎవరైనా కీలవైపు చూస్తే వేళ్ల మీద అట్టముక్క కప్పేవారు. "కళ్లతో కాదమ్మా, వేళ్లతో చదవాలి" అనేవారు. కార్బన్ కాగితాల నూనె వాసన, రిబ్బను సిరా, పంక్తి చివర టింగుమని మోగే చిన్న గంట నాకు వెంటనే నచ్చేశాయి. రెండు నెలల్లో చూడకుండా కొట్టడం వచ్చేసింది. క్వార్టర్ల నుంచి పొద్దున్నే నడిచి వెళ్లి, ఎండ ముదిరేలోగా నడిచి వచ్చేసేదాన్ని.

ఆ ఎండాకాలంలోనే గుట్టలు అంటుకున్నాయి. నగరం దాటి గంటన్నర పోతే ఒక రిజర్వు అడవి వచ్చేది. అడవి అంటే పెద్ద పెద్ద మాన్లున్న అడవి కాదు. సీతాఫలం పొదలు, మోదుగ చెట్లు, మోకాలెత్తు బోదగడ్డి, రాళ్లు. ఫాల్గుణం వచ్చేసరికి గడ్డి ఎండి కాగితంలా అయ్యేది. ఎవడో పశువులకాపరి బీడీ పారేసినా, కొత్త గడ్డి మొలవాలని ఎవరైనా కావాలనే నిప్పు పెట్టినా, గుట్టకు గుట్ట అంటుకునేది. అక్కడికి దగ్గర్లో ఉన్న స్టేషన్ బండి రిపేరుకు పోయిందని ఆ మధ్యాహ్నం మావాళ్లకు కబురు వచ్చింది. పట్నంలో ఇళ్లూ దుకాణాలూ ఆర్పడానికి కట్టిన పెద్దబండిని తీసుకుని, నాయిన, యాదగిరన్న, మరో నలుగురు బయలుదేరారు. యాదగిరన్నకు అప్పుడు ముప్పై కూడా లేవు. గొట్టం చివర ఇత్తడి మూతి పట్టుకుని మంటకు అందరికంటే ముందు నిలబడేది అతనే. క్వార్టర్లలో మా పక్కిల్లే. రమేశ్ అప్పటికి పాలు తాగే పిల్లవాడు.

అక్కడ జరిగింది నాయిన మాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు, కొంత ఆ వారంలో, కొంత ఏళ్ల తర్వాత. గుట్ట పక్కనుంచి ఒక బండ్లబాట పైకి పోతుంది. మొదటి మలుపు దగ్గరే పెద్దబండి మొరాయించింది. ట్యాంకు నిండా నీళ్లు, కింద వదులు మట్టి, క్లచ్ ప్లేటు కాలిన కంపు. ముందుకు పోదు, వెనక్కి జారుతున్నది. టైర్ల కింద రాళ్లు పెట్టి అక్కడే ఆపారు. ఉన్న గొట్టాలన్నీ ఒకదానికొకటి తగిలించి మనుషులు పైకి మోసుకెళ్లారు. అయినా మంటకు ఇంకా కొంత దూరం మిగిలింది. ఆ ఎత్తుకు నీళ్లు చేరేసరికి ధార సన్నబడింది. యాదగిరన్న ధార అందేలా గడ్డిలోకి నాలుగడుగులు ముందుకు వేశాడు. సరిగ్గా అప్పుడే కింద ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. నీళ్లను తోసే పంపు నడిచేది ఆ ఇంజిన్ మీదనే. గొట్టం చచ్చిన పాములా చతికిలబడింది. గాలి తిరిగింది. అతని వెనక గడ్డి అంటుకుంది.

నాయిన కిందనుంచి అతని కేక విన్నాడు. ఇంజిన్ వదిలేసి, వేపమండ ఒకటి విరుచుకుని, ముళ్ల పొదల్లోంచి అడ్డంగా ఎక్కాడు. యాదగిరన్న అప్పటికే మంటను దాటుకుని ఒక బండరాయి మీద పడి ఉన్నాడు. మోకాళ్ల కిందనుంచి రెండు కాళ్లూ కాలాయి. నాయిన అతన్ని భుజాన వేసుకుని దించాడు. అడవి శాఖ మనుషులు, ఊరివాళ్లు కొమ్మలతో కొట్టి కొట్టి మంటను మూడో గుట్ట దగ్గర ఆపారు.

ఆ రోజు నాయిన ఇంటికి వచ్చి చొక్కా విప్పి మంచం మీద పడేశాడు. నానమ్మ అలవాటు ప్రకారం దాన్ని చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, "గడ్డి" అంది. తర్వాత ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. చొక్కాను మడిచి ఒళ్లో పెట్టుకుంది. అంతసేపూ నాయిన ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఆ తర్వాత మా నానమ్మ ఏ చొక్కానూ వాసన చూడలేదు.

యాదగిరన్న బతికాడు. ఆస్పత్రిలో చాలా రోజులున్నాడు. నాయిన రోజూ డ్యూటీ దిగగానే అక్కడికి పోయేవాడు. ఒకరోజు అక్కడి నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా నా ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. "బిడ్డా, నీకు టైపు వచ్చింది గద. ఒక కాగితం కొట్టాలె. గుట్టలల్ల పోయేటందుకు చిన్న బండి గావాలె. నాలుగు చక్రాలు గుంజే జీపు. దాని మీద చిన్న ట్యాంకు, దానికి వేరేగ చిన్న మోటరు పంపు. బండి ఆగినా నీళ్లు ఆగొద్దు. గిట్ల రాయి." ఆయన చెప్పింది నేను తెలుగులో రాసుకుని మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కు పట్టుకెళ్లాను. శేషగిరిరావు గారు చదివి, కళ్లజోడు తీసి, "ఏంటమ్మా పద్మా ఇది, మీ నాన్నగారు చెప్పిందేనా? బ్రహ్మాండంగా చెప్పారే" అన్నారు. దాన్ని ఆఫీసు ఇంగ్లీషులోకి ఆయనే మార్చి, నాతోనే కొట్టించారు. మూడు కాపీలు. తప్పు పడితే మొదటినుంచీ కొట్టమనేవారు. "ఆఫీసర్లు ముందు తప్పులు చూస్తారమ్మా. తప్పు కనిపిస్తే విషయం చదవరు" అనేవారు.

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. స్టేషన్‌కు వచ్చిన ఆ కాగితాన్ని నాయిన మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. వాకిట్లో అమ్మ బియ్యం ఏరుతున్నది. "చదువు బిడ్డా" అన్నాడు. చదివాను. సదరు వాహనం సంతృప్తికరమైన స్థితిలో ఉన్నదనీ, ఆ సంగతిని గత తనిఖీలో దాని డ్రైవర్ లింగయ్యే స్వయంగా ధ్రువీకరించారనీ, లాగ్‌బుక్‌లో కూడా రోజూ ఆయన చేతి సంతకంతో 'బండి మంచిగా ఉన్నది' అనే రాసి ఉన్నదనీ, కాబట్టి మార్పు అవసరం కనబడలేదనీ ఉంది. నేను మధ్యలో ఆగాను. "మొత్తం చదువు" అన్నాడు నాయిన. మొత్తం చదివాను. అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. నాయిన తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "అబద్ధం రాసిండ్రని తిడదామనుకున్న. అన్నీ నిజాలే రాసిండ్రు."

ఆ సాయంత్రమే ఆయన పక్కింటికి పోయాడు. అప్పటికి యాదగిరన్నను ఇంటికి తెచ్చారు. నేను ఆ కాగితం పట్టుకుని వెంట వెళ్లాను. యాదగిరన్న కాళ్ల మీద పలచని గుడ్డ కప్పుకుని మంచం మీద ఆనుకుని ఉన్నాడు. నాయిన నిలబడే చెప్పాడు. "యాదగిరీ, తప్పు నాది. పోయినేడు ఆ సారు బండిని మారుస్తమంటే నేనే వద్దన్న. నా షోకు కోసం వద్దన్న. లేకుంటె నీ కాళ్లు గిట్ల కాకపోవు."

యాదగిరన్న కాళ్ల మీది గుడ్డ సర్దుకున్నాడు. తర్వాత, "నువ్వు చెప్పకముందు సుత నాకెరికే అన్నా. నువ్వు ఆ మాట అన్ననాడు నేను ఆడనే నిలబడి ఉన్న. నేను సుత చప్పట్లు కొట్టిన" అన్నాడు. మళ్లీ తనే, "గిప్పుడు గీ ఏడుపెందుకు? నెక్స్‌ట్ ఎవడో పోతడు గా గుట్ట మీదికి. ఆని సంగతి చూడు" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఒక ఉపాయం కూడా చెప్పాడు. "మళ్ల తనిఖీ వచ్చిననాడు ఒక వైరు వదులు జేయి. స్టార్ట్ కాకపోతె ఆళ్లే తుక్కు కింద రాస్తరు. ఖతం."

నాయిన తల అడ్డంగా ఊపాడు. "దొంగతనంగ చంపితె, ఇది చచ్చిందనే రాస్తరు. గుట్టకు చిన్న బండి గావాలెనని ఎవ్వడు రాయడు. దీనసొంటిదే ఇంకొక పెద్దది పంపుతరు. నిజమే రాద్దాం. రోజు రాద్దాం."

ఆ మర్నాటి నుంచి లాగ్‌బుక్‌లో 'మంచిగా ఉన్నది' అన్న మాట కనిపించలేదు. ఎన్నిసార్లు తిప్పితే స్టార్ట్ అయిందో, వేడెక్కడానికి ఎంతసేపు పట్టిందో, ట్యాంకు నుంచి ఎంత కారిందో, పంజాగుట్ట ఎత్తు మీద ఏ గేరులో ఎక్కిందో, పంపు ఎంతసేపు ఆగకుండా నడిచిందో రాసేవాడు. తెలుగులో, గుండ్రటి పెద్ద అక్షరాలతో, ఒక్కో పేజీ నిండా. అలాగని రిపేరు చేయడం మానలేదు. చేసిన రిపేరు కూడా రాసేవాడు. 'ఈ ముక్క నేను వేరే బండిది అరగదీసి పెట్టిన. ఎన్నాళ్లుంటదో తెలువది.' ఆ వాక్యం రాసిన రోజున ఆయన అన్నం సరిగా తినలేదు. తన చేతిపనిని తానే వేలెత్తి చూపుకోవడం ఎంత కష్టమో అప్పుడు నాకు అర్థం కాలేదు. స్టేషన్లో కొందరు నవ్వారట. "లింగన్నకు ముసలితనం వచ్చింది, బండి మాట వింటలేదు" అన్నారట. ఆయన ఆ మాట కూడా ఇంట్లో చెప్పి, రొట్టె తుంచుకున్నాడు. నెలకోసారి నేను ఆ పేజీలను ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. పంపిన ప్రతి కాగితానికీ కార్బన్ కాపీ దాచాను. జవాబులు రాలేదు. మేము ఆపలేదు. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. ఆ మధ్యలో నేను టైపు పరీక్ష హయ్యర్ గ్రేడ్ పాసయ్యాను.

మళ్లీ గడ్డి ఎండేవేళకు కొత్త అధికారి వచ్చాడు. సన్నగా, పొడవుగా, తక్కువ మాటల మనిషి. చేతిలో మా కాగితాల కట్ట ఉంది. అది ఆదివారం. నాయినకు అన్నం గిన్నె తీసుకుని నేను అప్పుడే స్టేషన్‌కు వెళ్లాను. అధికారి స్టార్ట్ చేయమన్నాడు. చేశాడు నాయిన. పెద్దబండి మొదటి తిప్పుకే, కొత్త బండిలా గుర్రుమని అందుకుంది. అందరూ గొల్లుమని నవ్వారు. అధికారి కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. "ఇది బాగానే ఉంది కదయ్యా?" అన్నాడు.

"ఈడ మంచిగనే ఉంటది సార్" అన్నాడు నాయిన. "పట్నంల రోడ్డు మీద ఇంకో రెండేండ్లు నడుస్తది. నేను అడిగేది గుట్ట గురించి. మీకు జర టైముంటె ఎక్కండి. ట్యాంకు నింపుకొని ఆడికే పోదాం. యాదగిరి కాలిన కాడికి పోదాం. ఎక్కిందనుకో, నేను ఇగ కాగితం రాయ."

అధికారి గడియారం చూసుకున్నాడు. "పద" అన్నాడు. తర్వాత నన్ను చూసి ఎవరీ అమ్మాయని అడిగాడు. "నా బిడ్డ సార్. మీ చేతిలున్న కాగితాలన్నీ కొట్టింది ఈమెనే." అధికారి కాగితాలను తిరగేసి, "ఒక్క తప్పు లేదు" అని, "నా జీపులో రామ్మా. టైము నువ్వు రాసుకో" అన్నాడు. అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని నేను జీపు ఎక్కాను.

గుట్ట కిందికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పోయినేడు కాలిన మోదుగలు మళ్లీ పూశాయి. ఎర్రటి పూలకింద కొమ్మలు నల్లగా ఉన్నాయి. పెద్దబండి కదిలింది. నేను జీపులోంచి నిమిషాలు రాస్తున్నాను. మొదటి గేరు. మట్టి లేచింది. ఇంజిన్ గొంతు మారింది. నాయిన ముఖం పక్కనుంచి కనిపిస్తున్నది. ఆయన ఆ బండిని మోసం చేయలేదు. చేతనైనంతా చేశాడు. ఎక్కించాలనే చూశాడు. మెడ నరాలు ఉబ్బి, దవడ బిగిసి, ఒళ్లంతా స్టీరింగ్ మీదికి ఒరిగి తోశాడు. ఎక్కితే కాగితాలన్నీ వట్టివైపోతాయని తెలిసీ అలా తోశాడు. ఒక క్షణం ఎక్కుతుందేమో అనిపించింది. మొదటి మలుపు దగ్గర చక్రాలు గిర్రున తిరిగాయి, క్లచ్ కంపు కొట్టింది, బండి ఆగి వెనక్కి జారింది. మనుషులు పరుగెత్తి రాళ్లు పెట్టారు.

అధికారి దిగాడు. "గొట్టాలు వేయండి" అన్నాడు. వేశారు. చివరి గొట్టం ఆగిన చోటినుంచి, యాదగిరన్న పడ్డ, మంటకు నల్లబడిన బండరాయి దాకా ఆయనే అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. పంపు నడపమన్నాడు. ధార సన్నగా వచ్చి, ఊగి, మనిషి నడుమెత్తు కూడా లేవకుండా పడింది. కాసేపటికి ఇంజిన్ ఆవిరి కక్కింది. అధికారి బండరాయి మీద కూర్చుని నుదురు తుడుచుకున్నాడు. నేను రాసిన చీటీ అడిగి తీసుకుని చదివి, కింద సంతకం పెట్టాడు. "లింగయ్యా, ఈ మాట పోయినసారే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. నాయిన దాచలేదు. "పోయినసారి నా ఇజ్జత్ చూస్కున్న సార్" అన్నాడు.

చిన్న బండి రావడానికి ఆ తర్వాత కూడా ఏడాది పైనే పట్టింది. ఫైలు ఎక్కడ ఆగితే నాయిన అక్కడికి పోయేవాడు. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఒక ఆఫీసులో ఆయనకు బెంచీ మీద ఒక చోటు ఖాయమైపోయింది. సెలవు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి, నమస్తే పెట్టి, కూర్చుని, "లింగయ్యను సార్, గుట్ట బండి ఫైలు" అని చెప్పి, మళ్లీ కూర్చునేవాడు. గొడవ పడేవాడు కాదు, లేచి వచ్చేవాడూ కాదు. చివరికి అక్కడి గుమాస్తాలే ఆయనకు చాయ్ తెప్పించేవాళ్లు. ఆయన్ని చూసి చూసే ఫైలు కదిలిందని తర్వాత ఒకాయన నాతో అన్నాడు. నేను అదే ఆవరణలో ఇంకో ఆఫీసులో టైపిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అక్కడ పనిచేసినన్నాళ్లూ, బెంచీ మీద ఇస్త్రీ చొక్కాతో ఎవరు కూర్చున్నా ముందు వాళ్ల కాగితమే తీసేదాన్ని.

ఇప్పుడు అమీర్‌పేటలో ఆ మెట్లు లేవు. శేషగిరిరావు గారి గదిలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు. నెత్తిమీద మెట్రో రైలు. మేము పరీక్ష పెట్టిన గుట్టకు ఈమధ్య వెళ్లి చూశాను. సగం తవ్వేశారు, సగం మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. మొదటి మలుపు ఎక్కడుండేదో కనుక్కోలేకపోయాను. మంటలు మాత్రం పోలేదు, దూరం జరిగాయి. ఎండలు ముందే వస్తున్నాయి, అడవులు ముందే అంటుకుంటున్నాయి. పదిహేనేళ్లు దాటిన సర్కారు బండిని తుక్కుకు పంపాలన్న నిబంధన కూడా ఇప్పుడు వచ్చింది. అది మంచిదే. ఏ డ్రైవరూ తను ప్రాణంలా చూసుకున్న బండి మీద తనే సాక్ష్యం చెప్పాల్సిన పని లేదు. కానీ పాతది పోవడం వేరు, పనికొచ్చేది రావడం వేరు. బండి వయసు కాగితం చెబుతుంది. గడ్డిలోకి పోయినవాడికి ఏం కావాలో కాగితానికి తెలియదు. అది ఇప్పటికీ పోయి వచ్చినవాడే చెప్పాలి, వినేదాకా చెప్పాలి. ఈ మాట నాకు ఏ ఆఫీసూ నేర్పలేదు.

రమేశ్, నీకు చెప్పకుండా మింగేసింది ఇదీ. మా నాయిన మీ నాయినను మోసుకొచ్చిన మాట నిజమే. మోయాల్సిన అవసరం రావడంలో ఆయన వంతు ఉన్న మాట కూడా నిజమే. ఆ సంగతి మీ నాయినకు తెలుసు. తెలిసే, కాళ్లు కాస్త కుదుటపడ్డాక టెలిఫోన్ గదిలో డ్యూటీకి ఒప్పుకుని, గుట్టల నుంచి వచ్చిన ప్రతి ఫోనూ టైముతో సహా రాసి మా కాగితాలకు జతచేశాడు. ఆ చిన్న బండి మీ నాయినది కూడా.

అది వచ్చిన వారం ఒకటి చెప్పి ముగిస్తాను. గుట్టల బండికి చిన్నవయసు డ్రైవరే ఉండాలన్నారు. నాయినకు ఇవ్వలేదు. ఆయన ఒక్క పూట అలిగి, మర్నాడు ఆ కొత్త డ్రైవర్ శ్రీనును తనే వెంటబెట్టుకుని గుట్టకు పోయాడు. నన్నూ రమ్మన్నాడు. చిన్న బండి మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది, కాలిన బండరాయి పక్కన పోయి నిలబడింది. పంపు విడిగా చప్పుడు చేస్తూ నడిచింది. శ్రీను సంబరంతో ఎగిరి దిగి, బానెట్ మీద చెయ్యేసి, "దీనికి ఇగ ఢోకా లేదు సార్. నా చేతిల ఉన్నంత కాలం..." అన్నాడు.

నాయిన అతని మాట మధ్యలోనే ఆపాడు. "ఆ మాట అనకు బిడ్డా. పానంగ చూస్కో, వద్దంటలేను. కని ఇది సుత ఎక్కలేని రోజు ఒకటి వస్తది. ఆ రోజు సిగ్గుపడకుంట బుక్కుల రాయి."

"సిగ్గెందుకు సార్?" అన్నాడు శ్రీను.

"నేను పడ్డ. నా దోస్తు కాళ్లు కాలినయ్" అన్నాడు నాయిన. తర్వాత బండి వెనక్కి నడిచి ట్యాంకు మీద తట్టి చూశాడు. "సగమే నింపినవు. ఖాళీ బండి ఎవడన్న ఎక్కిస్తడు. కిందికి పోదాం పా. నిండ నింపి మళ్ల ఎక్కుదాం."